పిట్టగూడు, పిట్టగోడ
(ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 22:6–8)

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో రెండు చిన్న ఆజ్ఞలు ప్రక్కప్రక్కనే యున్నవి. మొదటిది పిట్టగూటిని గూర్చినది. త్రోవలో గూడు కనబడినప్పుడు తల్లిపిట్టను పిల్లలతో కూడ పట్టుకొనక, తల్లిని పోనియ్యవలెనని దేవుడు మనకు నేర్పుచున్నాడు. రెండవది క్రొత్త ఇల్లు కట్టువానికి ఇయ్యబడినది. మిద్దెమీదనుండి ఎవరైన జారిపడినయెడల ఆ దోషము ఇంటివానిదే గనుక, వాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టుకొనవలెను. చాల కాలము నేను మొదటి ఆజ్ఞను చదివి దేవుని దయను పొగడితిని. రెండవది మేస్త్రీలకు సంబంధించినదని దాటిపోతిని. ఈ రెండును ఏల ప్రక్కప్రక్కన వ్రాయబడెనో నాకు నేర్పినవారు ఇద్దరు: ఒక వీధికుక్క, బీడీలు చుట్టి బ్రదుకు ఒక తల్లి.

మా ఇల్లు కోరుట్లలో. కొన్ని యేండ్ల క్రిందట ఒక ఆషాఢమాసపు వానలో ఒక ఎర్రని ఆడకుక్క మా గేటు సందులోనుండి దూరి, కట్టెల మోపు ప్రక్కన ముడుచుకొని పండుకొనెను. దాని ప్రక్కటెముకలు లెక్కింపదగినట్లుండెను. నా భార్య రాత్రి మిగిలిన అన్నములో ఇంత మజ్జిగ పోసి పాత తబుకులో పెట్టెను. మరుసటి దినము అది పోలేదు. మూడవ దినమున మనుమడు దానికి మోతీ అని పేరు పెట్టెను. పేరు పెట్టుట చిన్న సంగతి కాదు. ఆదాము జంతువులకు పేరులు పెట్టినప్పుడు వాటియెడల ఒక బాధ్యతను కూడ తలకెత్తుకొనెనని నా తలంపు. అయితే ఆ దినమున నాకీ తలంపు రాలేదు. అన్నము పెట్టితిమి, పేరు పెట్టితిమి. దానితో మా దయ సంపూర్ణమైనదని యెంచుకొంటిమి.

మా పెరడు చిన్నది. ఒక జామచెట్టు, ఒక వేపచెట్టు, కరివేపాకు, నాలుగు మందారములు. కరెంటు మీటరు పలక వెనుక ఊరపిచ్చుకలు గడ్డిపరకలు కూర్చి గూడు కట్టినవి. జామపండ్లు దోరగా మాగగానే పిగిలిపిట్టలు వచ్చును. గోరువంకలు నేలమీద అధికారులవలె నడచుచు పురుగుల నేరుకొనును. వేసవిలో కోకిల కూయును. అది తన గ్రుడ్డును కాకిగూటిలో పెట్టిపోవును, కాకి దానిని తన బిడ్డయని సాకును. మోతీకొరకు పగిలిన గోలెము అడుగుభాగములో నీళ్లు పోసి పెట్టితిమి. కొలది దినములలోనే అది పిట్టల స్నానఘట్టమాయెను. మోతీ భోజనముచేసి నీడన కన్నుమూయగానే పిచ్చుకలు దిగివచ్చి తబుకులోని మెతుకుల నేరుకొనెడివి. అది ఒక కన్ను తెరచి చూచి మరల మూసికొనెడిది. ఉదయకాల ప్రార్థన ముగించి వసారాలో కూర్చుండి ఆ దృశ్యమును చూచుచు, యెషయా ప్రవక్త చూచిన సమాధానరాజ్యము నా పెరటిలోనికే వచ్చెనని మురిసితిని.

ఒకనాడు ఆ సమాధానము చెడెను. గూటినుండి దిగి ఎగురుట నేర్చుకొనుచున్న గోరువంక పిల్లనొకదానిని మోతీ నోట కరచి చంపెను. తల్లిగోరువంక గోడమీద కూర్చుండి ప్రొద్దుగూకువరకు అరచెను. మనుమడు ఏడ్చుచు నాయొద్దకు వచ్చి, "తాతా, మోతీ పాపం చేసిందా?" అని యడిగెను. లేదని చెప్పితిని. ఆజ్ఞ నెరిగియు మీరుట పాపము. మోతీకి ఆజ్ఞ ఇయ్యబడలేదు, నాకు ఇయ్యబడినది. గోరువంక పిల్లలు నేలమీద తిరుగు ఆ పది పదునైదు దినములు మోతీని ఉదయసాయంకాలములు కట్టివేయవలసినది నేను. కుక్కను తెచ్చుకొన్నవాడు పిట్టలకును జవాబుదారియే. మనుమనికి ఈ మాట చెప్పి, ఒక గొలుసు కొంటిని. ఆ పాఠమును పిట్టలకొరకు నేర్చుకొంటిని గాని, పిట్టలకంటె ఎక్కువ విలువగల నరులకొరకు నేర్చుకొనలేదు.

తరువాతి సంవత్సరము మోతీ కట్టెల మోపు చాటున అయిదు పిల్లలను పెట్టెను. పొరుగింటి ఎనిమిదేండ్ల చిన్నది ఎప్పటివలె కరివేపాకు కోసికొనుటకు పెరటిలోనికి వచ్చెను. పిల్లలకు హాని యగునని తలంచి మోతీ దాని పిక్కను పట్టెను. చిన్నదాని కేక విని దాని తల్లి పరుగెత్తి వచ్చెను. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతములలో వేలాది స్త్రీలు చేట ఒడిలో పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టి కుటుంబములను పోషించుచున్నారు. ఆమెయు వారిలో ఒకతె. చేతులకు పొగాకు పొడి యింకను అంటియుండగానే ఆమె నన్ను అడిగెను:

"సారూ, గీ కుక్క మీదేనా?"

నేను వెంటనే, "మాది కాదమ్మా. వీధికుక్క. ఎక్కడి నుండో వచ్చింది" అంటిని.

ఆమె కోపపడలేదు. నా ముఖము చూచి మెల్లగా, "రోజు మీరే బువ్వ వెడ్తరు గద సారూ. బువ్వ వెట్టినోళ్లది గాకుంటె ఇంకెవ్వలది?" అనెను.

చదువరులారా, పేతురు ప్రధానయాజకుని ముంగిట చలి కాచుకొనుచు పలికిన మాట నాకు జ్ఞాపకము వచ్చెను. అతడు ప్రభువునే ఎరుగనని బొంకెను. నేను కుక్కను ఎరుగనని బొంకితిని. ఈ రెండింటికిని పోలిక లేదని మీరనవచ్చును. వస్తువులో పోలిక లేదు గాని, మనస్సులో ఉన్నది. చలిమంట వెచ్చదనము కావలెను, మూల్యము అక్కరలేదు. మోతీ తోక ఆడించుకొనుచు ఎదురువచ్చినప్పుడు అది నాది. చిన్నదాని పిక్కనుండి రక్తము కారినప్పుడు అది వీధిది. నా అబద్ధము నాకప్పుడే కనబడెను. "అమ్మా, తప్పు నాది. కుక్క మాదే. రా, ముందు గాయము కడుగుదము" అని చెప్పితిని.

ఇక్కడ చదువరులకు ఉపయోగపడునని ఒక మాట చెప్పెదను. కుక్క కరచినప్పుడు పసుపు, కారము, సున్నము పెట్టుట మన యిండ్లలో వాడుక. అది తప్పు. సబ్బు పెట్టి, ధారగా పడు నీటిక్రింద పదునైదు నిమిషములు కడుగుటయే మొదటి వైద్యము. ఆలస్యము చేయక టీకా వేయించవలెను. తొడ్తొలి దినమున ఒకటి, తరువాత 3వ, 7వ, 28వ దినములలో, డాక్టరు చెప్పిన ప్రకారము. 1885 జూలై 6వ తేదీన ఫ్రాన్సు దేశములో లూయీ పాశ్చరుగారు తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టర్ అను బాలునికి మొదటిసారి ఈ టీకా వేయించి ప్రాణము నిలిపిరి. అంతకుముందు వెర్రికుక్క కాటు అనగా మరణభయమే. ఇప్పుడును రోగలక్షణములు బయలుపడిన పిమ్మట దాదాపుగా ఎవరును బ్రదుకరు. అయితే సకాలములో టీకా పొందినవారు చావనక్కరలేదు. ఇట్టి ఔషధము చేతనుండియు మన దేశములో ప్రతి సంవత్సరము వేలాదిమంది, వారిలో అనేకులు బిడ్డలు, ఈ రోగముచేత చనిపోవుచున్నారు.

చిన్నదాని గాయము లోతుగా నుండెను గనుక, టీకాతో పాటు సీరము కొరకు జగిత్యాల ఆసుపత్రికి పోవలసివచ్చెను. ఆటో కిరాయి నేనిచ్చితిని, తోడుగా పోతిని. ఇదేమి గొప్ప కాదు. దారిలో ఆమె ఏమియు నిష్ఠూరమాడలేదు. బిడ్డను ఒడిలో పెట్టుకొని వ్రేళ్లమీద ఏదో లెక్క పెట్టుచుండెను. బీడీలకు కూలి వెయ్యింటికింత అని లెక్క. నాలుగు సూదులకు నాలుగు దినములు పోవలెను. నాలుగు దినముల బీడీలు ఆమె లెక్కించుచున్నదని నాకు తెలిసెను. అప్పుడు నేనును ఒక లెక్క వేసితిని. మోతీకి నేను పెట్టినది మిగిలిన అన్నము. నాకు ఖర్చు లేదు. నా దయకు ఖర్చు పడినది ఈమెకు. నేను దయగలవాడనని పేరు పొందితిని. బిల్లు పొరుగింటికి పోయెను.

ఆ మాసములోనే సిరిసిల్లలో బావమరిది యింటికి పోతిని. అతడు మరమగ్గములమీద పని చేయును. రాత్రిపూట పని ముగించుకొని తెల్లవారకముందే వీధివెంబడి నడచి యింటికి వచ్చువారికి కుక్కల భయమేమో అతడు చెప్పగా వింటిని. చేతిలో కట్టెలేక నడువరట. కార్లలో పోవువారిని కుక్కలు కరువవు. కాలినడకను పోవువారినే కరచును. మోతీ సంగతి చెప్పగా అతడు నవ్వి, "బావా, పుణ్యం మీకు, కాట్లు మాకా?" అనెను. నవ్వుచు పలికినను ఆ మాట ముల్లువలె దిగెను.

దావీదు రాజు అరౌనా కళ్లములో బలిపీఠము కట్టగోరినప్పుడు ఏమి జరిగెనో 2 సమూయేలు 24వ అధ్యాయములో చదువుచున్నాము. అరౌనా స్థలమును, ఎడ్లను, కట్టెలను ఉచితముగా ఇచ్చెదనన్నాడు. రాజు ఒప్పుకొనలేదు, వెల చెల్లింపని బలిని తన దేవునికి అర్పింపనని చెప్పి, వెండి తూచి యిచ్చి కొనెను. మన దయాకార్యములను ఈ తూనికలో పెట్టి చూడవలెను. నాకు వెలలేనిది, ఇతరులకు వెలయైనది దయ యగునా? అది పొరుగువాని ఎద్దును తెచ్చి నా పేరట బలి యిచ్చుటవంటిది కాదా?

ఇప్పుడు పిట్టగోడ ఆజ్ఞను చూడుడి. మిద్దె కట్టుట పాపము కాదు. మిద్దెమీద చల్లగాలికి కూర్చుండుట దేవుడిచ్చిన సుఖమే. అయితే నా సుఖముచేత మరియొకడు పడి చావకూడదు గనుక గోడ కట్టవలెను. అదే విధముగా కుక్కను చేరదీయుట పాపము కాదు. గోడ లేకుండ చేరదీయుట దోషము. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు అలవాటు గల ఎద్దును గూర్చిన శాసనమును ఇట్టిదే. ఎద్దు పొడుచునని యెరిగియు దానిని కట్టివేయనివాడు శిక్షకు పాత్రుడు. గొయ్యి త్రవ్వి మూయనివాడు, అందులో పడిన పశువుకు నష్టపరిహారమిచ్చును. నా గేటు ముందర పెట్టిన తబుకు మూయబడని గొయ్యి యాయెను.

అయితే వినుడి, మరియొక ప్రక్క మరియొక తప్పు పొంచియున్నది. గోడ లేని మిద్దె అపాయమని, మిద్దెనే కూలగొట్టువారున్నారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుని వీధికుక్కలు కరచి చంపినప్పుడు తల్లిదండ్రులందరి కడుపులు తరుగుకొనిపోయెను. ఆ దుఃఖమును తేలికచేయు హక్కు ఎవరికిని లేదు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటిని పట్టి శాలలలో నుంచవలెనని ఉత్తరువిచ్చి, ఆగస్టు 22న దానిని సవరించి, వెర్రిపట్టినవి, మీదపడి కరచునవి తప్ప తక్కినవాటిని శస్త్రచికిత్సచేసి, టీకా వేసి, మరల విడువవలెనని, అన్నము పెట్టుటకు ప్రత్యేక స్థలము లేర్పరచవలెనని తీర్పిచ్చెను. అదే సంవత్సరము నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్సుస్టాండ్లు, రైల్వేస్టేషన్లు మొదలైన స్థలములనుండి వాటిని తొలగించవలెనని ఆజ్ఞాపించెను. ఇట్లు న్యాయస్థానము పిట్టగూటికిని పిట్టగోడకును మధ్య త్రోవ వెదకుచుండగా, 2026 జనవరిలో మన తెలంగాణలో కొన్ని గ్రామములలో వందలకొలది కుక్కలను విషముపెట్టి చంపిరని పోలీసు కేసులు నమోదైనవి. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ఇట్టి చంపుటను నేరముగా ఎంచుచున్నది. చట్టము మాట అట్లుండనిండు. విషము కలిపిన ఆ ముద్దను తోక ఆడించుకొనుచు వచ్చి తిన్న ప్రాణి, ఎవరి చేతిని నమ్మి తినెను? మనుష్యుని చేతినే గదా.

సులభముగా తొలగించుట ఎంత జ్ఞానహీనమో చరిత్రలో ఒక దృష్టాంతమున్నది. 1958లో చైనా దేశమున నాలుగు పీడలను రూపుమాపవలెనని ఉద్యమము లేపిరి. ధాన్యము తినునని పిచ్చుకను అందులో చేర్చిరి. జనులు పళ్లెములు వాయించి, పిచ్చుకలను వ్రాలనియ్యక, అలసిపడి చచ్చునట్లు తరిమిరి. పిచ్చుక తిను గింజలను లెక్కించిరి గాని, తన పిల్లలకు పెట్టు పురుగులను లెక్కింపలేదు. పురుగులు పెచ్చుపెరిగెను; 1960లో పిచ్చుకను ఆ పట్టీనుండి తీసివేసి నల్లిని చేర్చిరి. పిచ్చుకల లెక్క పరలోకమందున్న తండ్రికే సరిగా తెలియును.

మరియొక దృష్టాంతము మనకు దగ్గరది. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల నైజాము రాజ్యములో నున్న కాలమున, 1931–32లో సలీం అలీగారు హైదరాబాదు సంస్థానమంతట పక్షులను పరిశోధించిరి. ఈ గొప్ప శాస్త్రజ్ఞుడు బాల్యములో గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టి పడవేసెను. దాని గొంతుమీద పసుపు మచ్చ కనబడగా, ఇదేమి పిచ్చుక యని తెలిసికొనుటకు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు తీసికొనిపోయెను. అక్కడినుండి ఆయన జీవితమంతయు పక్షులకే యంకితమాయెను. పడిన పిచ్చుకను పారవేసి, నేను కొట్టలేదని చెప్పి ఇంటికి పోయియుండవచ్చును. దానిని చేతిలోనికి తీసికొనెను గనుక అది ఆయనకు గురువాయెను. మనము చేసిన హానిని చేతిలోనికి తీసికొని చూచినప్పుడే మనకు నిజమైన పాఠము ప్రారంభమగును.

కొందరు సహోదరులు నన్ను అడిగిరి: "అన్నా, బీదలు ఇంతమంది యుండగా కుక్కకు ఖర్చేమి?" మంచి ప్రశ్నయే. మన ప్రభువు పిచ్చుకలను లెక్కించుచునే, మీరు వాటికంటె శ్రేష్ఠులని శిష్యులకు చెప్పెను. కాబట్టి మా పెరటిలో ముందు చిన్నదాని భయము, తరువాత మోతీ ఆకలి. ఈ వరుస మార్చరాదు. అయితే వరుసలో రెండవదానికి చోటే లేదని ఆయన చెప్పలేదు. బల్లక్రింద పడు ముక్కలను గూర్చి కనాను స్త్రీ చెప్పిన మాటకు ఆయన మెచ్చుకొనెను. ఆ మాటలో పిల్లలకును చోటున్నది, కుక్కపిల్లలకును చోటున్నది. ధనవంతుని వాకిట లాజరు పడియున్నప్పుడు వానియొద్దకు వచ్చినవి కుక్కలే. లోపలనున్న మనుష్యుడు రాలేదు. కుక్కను ద్వేషించుటవలన బీదవానియెడల ప్రేమ పెరుగదు. నా అనుభవములో, కుక్క నాదని ఒప్పుకొన్న దినముననే పొరుగింటి తల్లి కూడ నాకు పొరుగుదాయెను. అంతకుముందు ఆమె పేరైనను నేను అడుగలేదు.

ఇక మేమేమి చేసితిమో క్లుప్తముగా చెప్పెదను. కోరుట్లలోనే పశువైద్య కళాశాల యున్నది. మోతీని అక్కడికి తీసికొనిపోయి వెర్రిరోగపు టీకా వేయించి, పిల్లలు పాలు మానిన పిమ్మట గర్భము రాకుండ శస్త్రచికిత్స చేయించితిమి. అయిదు పిల్లలలో మూడింటికి మంచి యిండ్లు దొరకెను. ఒకటి జబ్బుతో చచ్చెను. ఒకటి మాయొద్దనే యున్నది. గేటు సందుకు జాలీ కొట్టించితిమి. తబుకును వీధినుండి తీసి పెరటిలోపల పెట్టితిమి. ప్రతి సంవత్సరము టీకా తేదీని బైబిలు అట్టలోపల వ్రాసికొనుచున్నాను. గోరువంకలు పిల్లలను దింపు దినములలో గొలుసు వేయుచున్నాము. ఈ ఖర్చులన్నియు కూడిన దినమున నాకు దుఃఖము కలుగలేదు. ఇప్పుడైనను నా దయకు వెల నేనే చెల్లించుచున్నాననిపించెను. ఇదియే మా పిట్టగోడ.

చిన్నది మాత్రము చాల కాలము మా పెరటిలోనికి రాలేదు. గాయము మానెను, భయము మానలేదు. దానిని నేను బలవంతపెట్టలేదు. కరివేపాకు నేనే కోసి గోడమీదినుండి ఇచ్చుచుంటిని. ఒక యెండకాలము ఉదయమున అది గోడకు అవతల నిలువబడి, గోలెములో పిచ్చుకలు స్నానము చేయుట చూచుచుండెను. మోతీ ఇవతల గొలుసుతో పండుకొనియుండెను. ఇద్దరి నడుమ గోడ యుండెను. ఆ గోడ యుండుటవలననే చిన్నది నిలువబడి చూడగలిగెను. గోడ ప్రేమకు అడ్డమని అంతవరకు తలంచితిని. గోడ ప్రేమకు నిలువనీడయని ఆనాడు తెలిసికొంటిని.

మన దేశమున ధర్మరాజు కథను ఎరుగనివారు లేరు. స్వర్గద్వారమునొద్ద, వెంటవచ్చిన కుక్కను విడిచిపెట్టి లోపలికి రానని ఆయన చెప్పెనందురు. ఆశ్రయించినదానిని నాది కాదనకుండుట ధర్మమని ఈ నేలమీద పామరులు సహితము ఎరుగుదురు. క్రైస్తవులమైన మనము ఇంతకంటె ఎంత ఎక్కువగా ఎరుగవలెను! యోహాను సువార్త 10వ అధ్యాయములో జీతగానికిని మంచి కాపరికిని గల భేదమును ప్రభువు చూపెను. తోడేలు వచ్చినప్పుడు జీతగాడు గొఱ్ఱెలు తనవి కావని పారిపోవును. కాపరి తనవని యెంచి ప్రాణము పెట్టును. మన దోషములు లోకమెదుట బయలుపడినప్పుడు, మనవలన ఇతరులకు గాయములైనప్పుడు, వీరు నావారు కారు, వీధివారు అని ఆయన పలికియుంటే మన గతి యేమి? హెబ్రీ పత్రిక రెండవ అధ్యాయము చెప్పుచున్నట్లు, మనలను సహోదరులని పిలుచుటకు ఆయన సిగ్గుపడలేదు. పేరు పెట్టెను, తనవారమని ఒప్పుకొనెను, వెల తానే చెల్లించెను.

చదువరీ, నీ యింటి వాకిట నీవు పెట్టిన తబుకు ఏది? నీవు పోషించి, నాది కాదని చెప్పుచున్నది ఏది? నీ దయకు వెల ఏ పొరుగువారు చెల్లించుచున్నారు? పిట్టగూటిని కాపాడుము, పిట్టగోడను కట్టుము. రెండును ఒకే దేవుని నోటనుండి వచ్చినవి.

ప్రార్థన: పిచ్చుకలను లెక్కించు మా తండ్రీ, వెలలేని దయతో మమ్మును మేము మోసపుచ్చుకొనకుండ కాపాడుము. మేము చేరదీసిన ప్రతిదానిని మాదని ఒప్పుకొను ధైర్యమిమ్ము. మావలన గాయపడినవారి వాకిట మమ్మును నిలువబెట్టుము. నోరులేని జీవులకు మాచేతిలో విషము కాక అన్నము దొరకనిమ్ము. బిడ్డలు నిర్భయముగా వీధిలో ఆడుకొననిమ్ము. మమ్మును నీవారమని ఒప్పుకొనుటకు సిగ్గుపడని యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.